తెలుగు సమాజంపై బ్రిటిష్ పాలన ప్రభావం: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటిష్ పాలన అనగానే రైళ్లు, ఇంగ్లీషు చదువు, స్వాతంత్ర్య పోరాటం గుర్తుకొస్తాయి. అయితే తెలుగు పల్లెకు ఆ పాలన పరిచయమైంది వీటన్నిటికంటే ముందు తహసీల్దారు కచేరీలో, కరణం లెక్కల్లో, ఏటా రొక్కంగా కట్టవలసిన కిస్తులో. కులం, కరువు, చేనేత, అడవి, బడి, వలస అనే విషయాల్లో దేన్ని తరచి చూసినా ఎక్కడో ఒకచోట శిస్తు పద్దు ఎదురవుతుంది. ఇక్కడి జవాబులు ఎక్కువగా ఆ దృష్టితో రాసినవే.

తెలుగు ప్రాంతాలు బ్రిటిష్ వారి చేతిలోకి ఎప్పుడు, ఎలా వెళ్లాయి?

ఒక్కసారిగా వెళ్లలేదు. ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకుంది. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుని వద్ద మద్రాసులో స్థలం సంపాదించింది. ఆ తర్వాత శతాబ్దానికి పైగా వారు ప్రధానంగా బట్టల వ్యాపారులే. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద, 1759లో మచిలీపట్నం వద్ద ఫ్రెంచివారిని ఓడించాక పరిస్థితి మారింది. 1765లో మొగల్ చక్రవర్తి ఫర్మానాతో కోస్తాలోని ఉత్తర సర్కారులు కంపెనీకి దక్కాయి, మరుసటి ఏడు నిజాం కూడా ఒప్పుకున్నాడు. గుంటూరు మాత్రం 1788లో గాని చేతికి రాలేదు. తన రక్షణకోసం ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద, మైసూరు యుద్ధాల్లో తన వాటాగా వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను నిజాం 1800లో ఇచ్చివేశాడు. అవే దత్త మండలాలు. 1801లో ఆర్కాటు నవాబు నుంచి నెల్లూరు, చిత్తూరు ప్రాంతాలు, 1839లో నవాబును తొలగించి కర్నూలు వారి వశమయ్యాయి.

తెలంగాణ నిజాం ఏలుబడిలో ఉంది కదా, అక్కడ బ్రిటిష్ ప్రభావం లేదా?

ఉంది, అయితే అది చాటునుంచి పనిచేసింది. సైన్య సహకార పద్ధతికి 1798లో తల ఒగ్గిన తొలి పెద్ద సంస్థానం హైదరాబాదే. కోఠీలో బ్రిటిష్ ప్రతినిధి ఉండిన రెసిడెన్సీ భవనం, 1806లో రూపుదిద్దుకున్న సికింద్రాబాదు కంటోన్మెంటు ఆ అధికారానికి కంటికి కనిపించే గుర్తులు. ఆ సైన్యం ఖర్చుల బకాయి పెరిగిపోయి, 1853లో నిజాం తన బీరారు ప్రాంతాన్ని బ్రిటిష్ వారి అధీనంలో పెట్టవలసి వచ్చింది. అదే సంవత్సరం దివానైన మొదటి సాలార్‌జంగ్ బ్రిటిష్ జిల్లాల తరహాలో రెవెన్యూ శాఖను తీర్చిదిద్దే పనికి పూనుకున్నాడు. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. ఇల్లందు బొగ్గు గనులు ఇంగ్లండులో ఏర్పడిన కంపెనీ చేతికి వెళ్లాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉంది. పైనుంచి బ్రిటిష్ సైన్యం అండ ఉన్నంతకాలం, కింద దేశ్‌ముఖుల, జాగీర్దారుల పెత్తనాన్ని కదిలించవలసిన అవసరం నిజాంకు కలగలేదు. వెట్టిచాకిరీ తెలంగాణ పల్లెల్లో 1940ల వరకూ అంత బలంగా నిలబడడానికి ఈ ఏర్పాటుకూ సంబంధం ఉంది. అందుకే కోస్తా, సీమ, తెలంగాణ ఒకే వలస పాలనను మూడు రకాలుగా అనుభవించాయని చెప్పడం సమంజసం.

జమీందారీ, రైతువారీ పద్ధతుల వల్ల ఊళ్లో నిజంగా ఏం మారింది?

కంపెనీకి ముందూ శిస్తు ఉంది, జులుమూ ఉంది. గోల్కొండ కాలపు రైతు సుఖంగా బతికాడని చెప్పడానికి ఆధారం లేదు. అయితే పాత ఏర్పాటులో చాలాచోట్ల వాటా తేలేది కళ్లంలో. ధాన్యం రాశి పోసి, కమ్మరికి, వడ్రంగికి, కుమ్మరికి, చాకలికి, మంగలికి, నీరటికి, వెట్టివానికి మేరలు కొలిచి, మిగిలినదాన్ని సర్కారూ రైతూ పంచుకునేవారు. పంట తగ్గితే అందరి వాటా తగ్గేది. కంపెనీ పద్ధతిలో పంట పండినా ఎండినా, ధర పెరిగినా పడిపోయినా, ముందుగా కట్టిన రొక్కం కిస్తు గడువులోగా కచేరీకి చేరాలి. చేరకపోతే భూమినే జప్తు చేసి వేలం వేసే అధికారం సర్కారుకు వచ్చింది. రైతు కోతలు కాకముందే షావుకారు దగ్గరకు పోవలసిన స్థితి ఇక్కడే మొదలైంది. ఆ కాలంలో వచ్చిన మార్పులన్నిటిలోకీ దీన్నే పెద్దదిగా భావించాలి.

ఉత్తర సర్కారుల్లో 1802 నుంచి శాశ్వత శిస్తు పద్ధతి పెట్టారు. జమీందారు వసూలు చేసేదానిలో సుమారు మూడింట రెండు వంతులు పెష్కష్‌గా సర్కారుకు కట్టాలి. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం వంటి సంస్థానాలు ఇందులో నిలదొక్కుకున్నాయి గాని, గుంటూరు ప్రాంతపు జమీలు బకాయిల్లో మునిగి 1840ల నాటికి సర్కారు పరమయ్యాయి. అంతకుముందే, 1794 జులైలో, పెష్కష్ తగాదాతో పద్మనాభం వద్ద కంపెనీ సైన్యంతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు ప్రాణాలు కోల్పోయాడు. జమీందారు కింద ఉన్న రైతుకు హక్కు అంటూ చట్టంలో చెప్పుకోదగ్గ రక్షణ దొరికింది 1908లోనే.

దత్త మండలాలకు 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో వేరే దారి పట్టాడు. సుమారు ఎనభై మంది పాలెగాళ్లను అణచి, ఫించన్లిచ్చి, వారి బలగాలను చెదరగొట్టాడు. 33 అడుగుల గొలుసుతో పొలం పొలం కొలిపించి, నేరుగా రైతు పేర పట్టా ఇప్పించాడు. నలభై గుంటలు ఒక ఎకరం అనే ఆ లెక్క తెలంగాణ భూమి లెక్కల్లో ఈనాటికీ నడుస్తోంది. కానీ ఆయన వేయించిన శిస్తు మొత్తం ఉత్పత్తిలో దాదాపు 45 శాతం. అది మోయలేని భారమని 1807లో ఆయనే నాలుగో వంతు తగ్గించమని సిఫారసు చేశాడు. అప్పటికి కంపెనీ వినలేదు సరికదా, ఊళ్లను ఇజారాకు, అంటే గుత్తకు, ఇచ్చి రైతును మరింత చిక్కుల్లో పెట్టింది. 1820లో గవర్నరుగా తిరిగి వచ్చాక గాని రైతువారీ మళ్లీ నిలబడలేదు. 1827లో పత్తికొండలో కలరాతో మరణించిన మన్రో పేరును సీమలో పిల్లలకు పెట్టుకున్నారన్నది వాస్తవం. ఆయన వేయించిన శిస్తు సీమ రైతును అప్పుల్లోకి నెట్టిందన్నదీ వాస్తవమే. ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాచడం ఆ రైతులకు అన్యాయం చేయడమే.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు కారణం ఆయన ఫించను ఆగిపోవడం ఒక్కటేనా?

అది ఒక కారణం మాత్రమే. పాలెగాళ్ల కింద ఊరి కావలి కాస్తూ, అందుకు ప్రతిఫలంగా మాన్యాలు అనుభవించిన కట్టుబడి బంట్రోతులు కొత్త పాలనలో ఆ భూములను పోగొట్టుకున్నారు. 1846లో ఆయన వెంట నడిచింది అలాంటివారే. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీసి, తలను ముప్పయ్యేళ్లపాటు కోట గుమ్మానికి వేలాడదీసి ఉంచారంటే, పాలకులు భయపడింది ఒక మనిషికి కాదు, ఆయన వెనుక ఉన్న నిరుద్యోగ బలగానికి.

శిస్తు వసూలుకు రైతులను హింసించారన్న మాట నిజమేనా?

నిజమే, దాన్ని ప్రభుత్వమే నమోదు చేసింది. బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్నలు రావడంతో మద్రాసు ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం 1855లో నివేదిక ఇచ్చింది. రెండు కర్రల మధ్య వేళ్లు పెట్టి నొక్కే కిట్టి, మనిషిని వంచి మెడనూ కాళ్లనూ కలిపి కట్టివేయడం, వీపుమీద రాయి ఎత్తి ఎండలో గంటల తరబడి నిలబెట్టడం అందులో వర్ణించిన పద్ధతులు. చేసింది కింది స్థాయి దేశీయ ఉద్యోగులే అని దొరలు తప్పించుకోజూశారు. కానీ వసూలు తగ్గితే ఆ ఉద్యోగి కొలువు పోతుంది, పైవాడు కావలసినంత సొమ్ము వచ్చిందా లేదా అనే అడుగుతాడు. ఆ ఒత్తిడి ఎక్కడ పుట్టిందో చెప్పకుండా కింది వాని క్రూరత్వం గురించే మాట్లాడడం సగం నిజమే అవుతుంది. ఈ నివేదిక తర్వాత పోలీసు పనిని రెవెన్యూ నుంచి విడదీసి, 1859లో మద్రాసు పోలీసు చట్టం తెచ్చారు.

కరువులు బ్రిటిష్ పాలనవల్లే వచ్చాయా?

వానలు పడకపోవడం ఏ ప్రభుత్వం చేతిలోనూ లేదు. వాన పడని ఏడు ఎంతమంది చనిపోతారన్నది మాత్రం చాలావరకు ప్రభుత్వం చేతిలోనిదే.

నందన నామ సంవత్సరంలో, అంటే 1832–33లో, గుంటూరు ప్రాంతాన్ని పట్టిన కరువును పెద్దలు డొక్కల కరువు అన్నారు. ఐదు లక్షల జనాభాలో దాదాపు రెండు లక్షల మంది చనిపోయారని తర్వాతి ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. కృష్ణ పక్కనే పారుతున్నా పొలాలకు నీరు ఎక్కించే ఏర్పాటు లేదు, దారులు లేవు, శిస్తు వసూలు మాత్రం ఉంది.

1876–78 నాటి ధాత కరువు ఇంకా భయంకరమైనది. అప్పటికి రైళ్లు వచ్చాయి. రైలుంటే ధాన్యం కరువు ప్రాంతానికి వస్తుందని అందరూ అనుకున్నారు, కానీ కొనేవానికి డబ్బు లేనప్పుడు అదే రైలు ధాన్యాన్ని ధర పలికే చోటికి తీసుకుపోయింది. ఎగుమతులను నిషేధించడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు జరుగుతున్నప్పుడు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో జనం సహాయ పనుల శిబిరాలకు నడుస్తున్నారు. అదే ఏడు వైస్రాయి ప్రభుత్వం పంపిన ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ ఆ శిబిరాల్లో రోజు కూలిని ఒక పౌను ధాన్యానికి, దానిపై కొద్దిపాటి చిల్లరకు తగ్గించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. రోజంతా మట్టి తవ్వి మోసే మనిషికి అది సరిపోదని మద్రాసు ఆరోగ్య శాఖాధికారి కార్నిష్ గట్టిగా అభ్యంతరం చెప్పాడు. బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లోనే యాభై లక్షలకు పైగా మరణించారు. 1871తో పోలిస్తే 1881 నాటికి కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది.

ఈ కరువు తర్వాత 1878లో కమిషన్ వేసి, 1880లో దాని నివేదిక వచ్చాక కరువు నిబంధనావళి రూపొందించారు. తర్వాతి కాలంలో అది ప్రాణాలు కాపాడింది కూడా. అయితే చెరువుల సంగతి ఎవరూ తగినంత పట్టించుకోలేదు. సీమలో చెరువు కట్టలు బాగుచేసినవారికి దశబంధం ఇనాములుండేవి. చెరువు కింద సాగయ్యే భూమిలో ఒక భాగం వారికి చెందేది. శిస్తు లెక్కలు బిగుసుకునే కొద్దీ ఈ ఏర్పాటు సడలిపోయింది, చెరువులు పూడిపోయాయి.

కాటన్ ఆనకట్టలు తెలుగువారికి మేలు చేయలేదా?

చేశాయి, ఎంతో మేలు చేశాయి. ధవళేశ్వరం వద్ద గోదావరిపై 1847 నుంచి 1852 వరకు, బెజవాడ వద్ద కృష్ణపై 1852 నుంచి 1855 వరకు కట్టిన ఆనకట్టలు డెల్టాల ముఖచిత్రాన్ని మార్చేశాయి. ఆర్థర్ కాటన్‌ను గోదావరి జిల్లాల ప్రజలు అపర భగీరథుడని తలచుకోవడంలో అతిశయోక్తి లేదు. ఆయన రైళ్లకంటే కాలువలు ముఖ్యమని జీవితాంతం వాదించిన మనిషి.

అయినా ప్రభుత్వం డబ్బు పెట్టింది దయతో కాదు. పెట్టిన సొమ్ముకు ఎన్ని రెట్లు శిస్తు పెరుగుతుందో కాటన్ అంకెలతో చూపించాకే అనుమతి వచ్చింది. లాభం చూపించలేని చోట కాలువలు రాలేదు. సీమకు వచ్చిన కర్నూలు–కడప కాలువను 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ చేత తవ్వించారు. అది నష్టాల్లో కూరుకుపోయి చివరకు 1882లో సర్కారు కొనుక్కుంది. దాని ఫలితం ఇప్పటికీ మన కళ్లముందే ఉంది. డెల్టా రైతు కుటుంబాలు వరి మిగులుతో పిల్లలను చదివించి, మిల్లులు, పత్రికలు, సినిమాల వైపు అడుగు వేయగలిగాయి. సీమ రైతు వానకోసం ఆకాశం చూస్తూ ఉండిపోయాడు. 1937 నవంబరులో కోస్తా, సీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక చేసుకున్నప్పుడు నదీజలాల్లో సీమకు ప్రాధాన్యం కావాలని పట్టుబట్టింది ఈ తేడా వల్లనే.

చేనేత పరిశ్రమను బ్రిటిష్ వారే నాశనం చేశారా?

సూటిగా అవునని చెబితే సగమే చెప్పినట్టు. పద్దెనిమిదో శతాబ్దంలో కంపెనీ ఓడల్లో ఎక్కినది తెలుగు నేతే. నరసాపురం పక్కన మాధవాయపాలెం, గోదావరి పాయల మీద ఇంజరం, బెండమూర్లంక కంపెనీ వర్తకశాలలుండిన ఊళ్లు. పాలన చేతికి వచ్చాక కంపెనీ కొనుగోలుదారు మాత్రమే కాకుండా యజమాని కూడా అయింది. ముందస్తు సొమ్ము ఇచ్చి, మరొకరికి అమ్మకూడదని ఆంక్షలు పెట్టి, గుమాస్తాల చేత ధర కట్టించింది. మగ్గం మీద మొతర్ఫా పన్ను వేరే. పంతొమ్మిదో శతాబ్దం తొలి మూడు దశాబ్దాల్లో ఇంగ్లండు మరబట్ట పోటీకి రాగానే ఆ వర్తకశాలలు మూతపడ్డాయి.

అయితే మొదట దెబ్బతిన్నది మగ్గంకంటే రాట్నం. లాంకషైరు నూలు చౌకగా రావడంతో నేతగాడు దాన్నే కొని నేయగలిగాడు, ఇంట్లో వడికే స్త్రీకి మాత్రం పని పోయింది. ఆ పనికి కులభేదం పెద్దగా లేదు. వితంతువులు, రైతు ఇంటి ఆడవారు ఖాళీ సమయంలో వడికి నాలుగు డబ్బులు సంపాదించేవారు. ఏ లెక్కలోనూ సరిగా ఎక్కని నష్టం ఇది. చేనేత చీరాల, పెడన, మంగళగిరి, ఉప్పాడల్లో తట్టుకుని నిలిచింది. చేతి వడుకు మాత్రం దాదాపు ఒక్క పొందూరు చుట్టుపక్కలే మిగిలింది. అక్కడ ఇప్పటికీ కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, గింజ తీసి, రాట్నం మీద సన్నని నూలు వడుకుతారు. ఆ దవడకున్న సన్నటి పళ్లు పత్తిలోని నలకను తీసి పోగులను ఒక దారికి తెస్తాయి. ఒకప్పుడు ఊరూరా ఉన్న ఈ రకపు నేర్పును ఒక ఊరి విశేషంగా చూడవలసి రావడమే జరిగిన నష్టానికి కొలత.

మన్యం ప్రాంతాల్లో తిరుగుబాట్లు ఎందుకు వచ్చాయి?

అడవిలోకి పన్ను వచ్చినందుకు. రంపలో గిరిజనులు ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం తరతరాల అలవాటు. దానిమీద రంప ఏలిక అయిన మున్సబుదారు చిగురు పన్ను వేశాడు, ఆపైన అబ్కారీ గుత్తేదార్లు దిగారు, మైదానపు షావుకార్లు కోర్టు డిక్రీలతో పశువులను తోలుకుపోయారు, పోలీసులు వారికి కాపలా వచ్చారు. 1879 మార్చిలో ముఠాదారులు, అంటే కొన్నేసి కొండ ఊళ్లకు పెద్దలు, తిరగబడ్డారు. కారం తమ్మన్నదొర వారి నాయకుల్లో ముఖ్యుడు. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు కొట్టడం, పశువుల మేత, కట్టెపుల్ల ఏరడం అన్నీ అనుమతికి లోబడ్డాయి.

అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడి చేసి తుపాకులు పట్టుకుపోయినప్పటికి, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి గిరిజనులచేత సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించుకున్న కోపం అక్కడ రగులుతూ ఉంది. 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చిచంపారు. పల్నాటిలో పశువుల మేతకు పుల్లరి కట్టమన్నందుకు ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతు 1922లోనే పోలీసు కాల్పుల్లో మరణించాడు. నిజాం రాజ్యంలోనూ అటవీ నిబంధనలు ఇదే దారి పట్టాయి. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీము ప్రాణమిచ్చింది అడవి మీద, నేల మీద, నీటి మీద హక్కుకోసమే.

ప్రభుత్వం కూడా కొంత గ్రహించింది. గిరిజనుల భూమి గిరిజనేతరులకు అన్యాక్రాంతం కాకుండా 1917లో ఏజెన్సీ చట్టం చేసింది. ఈనాటి 1/70 నిబంధనకు మూలం అక్కడే ఉంది.

కులవ్యవస్థను బ్రిటిష్ వారు సృష్టించారా, బలహీనపరిచారా?

సృష్టించారనడం చరిత్ర కాదు. అంటరానితనం, అగ్రహారాలు, ఊరి వెలుపలి వాడలు వారికంటే ఎన్నో వందల ఏళ్ల ముందువి. అయితే ఊరిని బట్టి, పనిని బట్టి కొంత మారుతూ ఉండే కుల హోదాలను 1871 నుంచి జనాభా లెక్కల్లో వరుసపెట్టి రాయడం, కోర్టులు ధర్మశాస్త్రాలను అన్ని కులాలకూ వర్తింపజేయడం వాటిని గట్టిపరిచాయి. కరణీకం, మునసబీ వంశపారంపర్యంగా కొన్ని కులాల చేతిలోనే ఉండేలా సర్కారు ముద్ర పడింది. ఆ కొలువులు రద్దయింది 1984లో.

అదే సమయంలో, ఊరి పెద్దల అదుపులో లేని కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఎక్కువగా మాదిగలకు పని కల్పించాడు. అన్నంకోసం మతం మారారన్న మాట రాకుండా కరువు పనులు నడిచినన్నాళ్లు బాప్తిస్మం ఇవ్వలేదు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దీన్ని కేవలం మతమార్పిడిగా చూడడం సరికాదు. పలక, బడి, ఆస్పత్రి, మనిషిగా పిలుపు దొరికే చోటు అదొక్కటే అయినప్పుడు జనం అటు నడిచారు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభలో పంచములు తమను ఆది ఆంధ్రులుగా ప్రకటించుకున్నారు. ఆ స్వరం ఎవరూ దయతో ఇచ్చింది కాదు.

ఎరుకల వారి కథ ఇందుకు పూర్తిగా భిన్నం. ఎడ్లమీద, గాడిదలమీద తీరప్రాంతపు ఉప్పును లోపలి ఊళ్లకు, అక్కడి ధాన్యాన్ని తీరానికి చేరవేసి బతికిన వారి వర్తకాన్ని ఉప్పు గుత్తాధిపత్యం, తర్వాత రైలు దెబ్బతీశాయి. బతుకుతెరువు పోగొట్టి, ఆ తర్వాత నేరస్థ జాతి అన్నారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు రాష్ట్రానికి వర్తింపజేశారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా వెలిసిన సెటిల్‌మెంటే. పుట్టిన పిల్లవాణ్ణి కూడా నేరస్థుడిగా చూసిన ఆ చట్టం 1952లో రద్దయినా, ఆ ఊరి పేరు చెబితే ఉద్యోగం రాని రోజులు ఆ తర్వాతా చాలాకాలం ఉన్నాయి.

చదువు మనకు బ్రిటిష్ వారితోనే వచ్చిందా?

రాలేదు. మన్రో 1822లో ఆదేశించిన విచారణలో మద్రాసు రాష్ట్రమంతటా 12,498 వీధిబడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్టు తేలింది. ఆడపిల్లలు చాలా తక్కువ, అంటరాని కులాల పిల్లలకు దాదాపు చోటు లేదు. ఆ బడులను స్వర్ణయుగంగా చిత్రించడం తప్పు. కానీ బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823లో రాసిన జవాబులో ఒక ముఖ్యమైన మాట ఉంది. తన జిల్లాలో 533 బడులున్నాయనీ, అయితే జనం పేదరికంలోకి జారడంవల్ల, యూరప్ సరుకు చేతిపనులను దెబ్బతీయడంవల్ల, పూర్వపు ప్రభువులిచ్చిన ఆదరణ ఆగిపోవడంవల్ల చదువు క్షీణిస్తోందనీ ఆ ఆంగ్లేయ అధికారే ఒప్పుకున్నాడు.

కొత్త చదువు తీరపట్టణాల్లో మొదలైంది. మచిలీపట్నంలో 1843లో నోబుల్ పాఠశాల, రాజమండ్రిలో 1853లో ప్రభుత్వ పాఠశాల, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చాయి. గుమాస్తా కొలువులకోసం పెట్టిన ఆ బడుల నుంచే సంస్కర్తలు, పత్రికా సంపాదకులు, ఆంధ్రోద్యమ నాయకులు కూడా వచ్చారు. మద్రాసులో తమిళులతో కొలువులకు పోటీ పడలేకపోయిన అసంతృప్తి ఆంధ్రోద్యమానికి ఒక ముఖ్య కారణం.

స్త్రీల స్థితిలో వచ్చిన మార్పుకు ఘనత ఎవరిది?

చట్టాలు ప్రభుత్వం చేసింది: మద్రాసులో 1830లో సతీ నిషేధం, 1856లో వితంతు వివాహ చట్టం. కానీ చట్టం వచ్చిన పాతికేళ్లకు గాని తెలుగునాట దాన్ని ఆచరణలో పెట్టే మనిషి దొరకలేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎదురైనది వెలి, తిట్లు, దాడులు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖ జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా రాయిస్తే 1,034 తేలాయి. సమస్య ఎంత లోతుగా ఉందో ఆ అంకె చెబుతుంది.

మరొక కోణం ఎక్కువగా చర్చకు రాదు. మారుమనువు ఆచారంగా ఉన్న కులాల స్త్రీలకు 1856 చట్టం కొత్తగా ఇచ్చింది ఏమీ లేదు. పైగా మళ్లీ పెళ్లి చేసుకుంటే మొదటి భర్త ఆస్తిపై హక్కు పోతుందన్న నిబంధనను కొన్ని తీర్పులు వారికీ అంటగట్టాయి.

తెలుగువారు మారిషస్, బర్మా, దక్షిణాఫ్రికాలకు ఎందుకు వెళ్లారు?

వెళ్లినవారిలో చాలామందిని పంపింది అప్పు, కరువు. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చారు. 1830ల నుంచి మారిషస్‌కు, 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడతో మొదలై నాటాల్‌కు, 1903 నుంచి ఫిజీకి ఒప్పంద కూలీలు వెళ్లారు. బర్మాకు పద్ధతి వేరు. కాకినాడ, విశాఖ, కళింగపట్నం రేవుల నుంచి మేస్త్రీలు ముందస్తు సొమ్మిచ్చి మనుషులను రంగూన్ తీసుకుపోయేవారు. అక్కడ వారిని కోరంగీలని పిలిచారు. 1930 మేలో రంగూన్ రేవులో జరిగిన అల్లర్లలో చనిపోయినవారిలో ఎక్కువమంది తెలుగు కూలీలే.

మా ఊళ్లో ఆనాటి ప్రభావం గురించి తెలుసుకోవాలంటే ఏ కాగితాలు చూడాలి?

మీ ఊరు కోస్తాలోగాని సీమలోగాని ఉంటే, తహసీల్దారు కార్యాలయంలో రీసర్వే సెటిల్‌మెంటు రిజిస్టరు అడగండి. రెవెన్యూవారు దాన్ని ఆర్‌.ఎస్‌.ఆర్‌. అంటారు. ప్రతి సర్వే నంబరుకూ నేల రకం, తరం, ఎకరానికి శిస్తు, పట్టాదారు పేరు అందులో ఉంటాయి. గుడి మాన్యమో, అగ్రహారమో, చెరువు ఇనామో ఉంటే ఇనాం ఫెయిర్ రిజిస్టరు చూడవచ్చు. 1858 తర్వాత ఇనాం కమిషన్ ఊరూరా విచారించి, ఆ మాన్యం ఎవరు, ఎప్పుడు, ఏ పనికి ఇచ్చారో, అనుభవిస్తున్నది ఎవరో రాసి, టైటిల్ డీడు నంబరు వేసింది. దేవాలయ భూముల తగాదాల్లో ఈనాటికీ కోర్టులు చూసే కాగితం అదే. తెలంగాణలోనైతే పాత భూమి రికార్డులైన సేత్వార్, ఖాస్రా పహాణీ అడగాలి. ఈ రిజిస్టర్లలో పట్టాదారు పేర్ల గడి చదివేటప్పుడు, ఆ పొలం దున్నిన పాలేరు పేరుగాని, నాట్లు వేసిన స్త్రీల పేర్లుగాని అందులో సాధారణంగా ఉండవన్న సంగతి గుర్తుంచుకోవాలి. వారి గురించి తెలుసుకోవాలంటే వాడల్లోని వృద్ధులను అడిగి రాసుకోవలసిందే, అదీ ఆలస్యం చేయకుండా.